ఫార్మాట్ కొట్టే ముందు

"నువ్వు సీఎస్ఈ కదా, కొంచెం ఇది చూడవా?"

మన బ్రాంచ్‌లో చేరిన వాళ్లెవరికీ ఈ మాట కొత్త కాదు. పెదనాన్న గారి ప్రింటర్, పక్కింటి ఆంటీ ఫోన్‌లో నిండిపోయిన స్టోరేజ్, అత్తయ్య వాళ్లబ్బాయికి లోడ్ అవ్వని గేమ్, అన్నీ మన సిలబస్‌లో ఉన్నాయనే అనుకుంటారు. మన సిలబస్‌లో లింక్డ్ లిస్ట్ ఉంది, కే-మ్యాప్ ఉంది. "స్విచ్ వేస్తే స్క్రీన్ రాకపోతే ఏం చేయాలి" అనే యూనిట్ మాత్రం లేదు. ఆ సంగతి ఇంట్లో ఒప్పుకోవడానికి మనసొప్పదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో నేనూ ఒప్పుకోలేదు. దానివల్ల మా నాన్న పదకొండేళ్ల పనిని దాదాపు నా చేతుల్తోనే తుడిచేసేవాణ్ణి.

ఈ వ్యాసంలో సగం నా తప్పులు. మిగతా సగం, కంప్యూటర్ బాగుచేయడం అనే పని ఎలా సాగుతుందో నాకు అర్థమైనంత వరకు వివరణ. ఇంకోమాట, నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుపోండి.

మొరాయించిన మెషీన్

మాది తెనాలి దగ్గర ఒక చిన్న టౌన్. నాన్నకి డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, విండోస్ 7. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, దినకర్మ కార్డులు, గుడి కరపత్రాలు అన్నీ అందులోనే పేజ్‌మేకర్‌లో చేస్తాడు. కొత్తది కొందాం నాన్నా అంటే, "ఇది పనిచేస్తోందిగా" అంటాడు.

భోగి ముందురోజు సాయంత్రం షాపు మూస్తూ మెయిన్ స్విచ్ ఆపేశాడు. మళ్లీ తెరిచింది ముక్కనుమ కూడా అయ్యాకే. సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఏదో ఇంగ్లిష్ లైన్ వచ్చి, ఎఫ్1 నొక్కమంది. నొక్కాడు. విండోస్ గుర్తు వచ్చింది, నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసింది, మళ్లీ మొదటికి వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అదే. మాఘమాసం ముహూర్తాల కార్డులు రెండు ఆ రోజే ప్రెస్‌కి వెళ్లాలి. ఒక పెళ్లివారైతే ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చి బల్ల ముందే కూర్చున్నారు. నాన్న ఇంటికి ఫోన్ చేశాడు. "చిన్నా, ఓసారి రారా. నువ్వైతే చూస్తావు."

వెళ్లాను. ఆ గంటలో నేను చేసినవి ఇవీ. క్యాబినెట్ మూత విప్పాను. పాత పెయింట్ బ్రష్‌తో దుమ్మంతా దులిపాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి ర్యామ్ కర్రలు రెండూ పీకి మళ్లీ పెట్టాను. హార్డ్‌డిస్క్ కేబుళ్లు తీసి తగిలించాను. ఆన్ చేశాను. ఇప్పుడు నీలం స్క్రీన్ కూడా రావట్లేదు. స్క్రీన్ నల్లగా ఉండిపోయి, లోపల్నించి బీ...ప్, బీ...ప్ అని ఆగకుండా మోత. ఉన్న జబ్బు ఒకటైతే నేను తగిలించింది ఇంకొకటి.

పెళ్లివారి ముందు పరువు పోతోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా. "విండోస్ కరప్ట్ అయింది నాన్నా, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించాలి" అన్నాను చాలా నమ్మకంగా.

నాన్న అడిగింది ఒకటే. "మరి అందులో ఉన్నవి?"

ఆయన ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవే. కాపీ ఎక్కడా లేదు. అది నాకు అప్పటికి తట్టనే లేదు. నేను నోరు తెరిచేలోపు నాన్న బజారులో కంప్యూటర్లు బాగుచేసే బాబాయ్‌కి ఫోన్ చేశాడు. సొంత బాబాయ్ కాదు, టౌన్‌లో మా ఈడు వాళ్లందరికీ బాబాయే.

మొదటి ప్రశ్న

వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ తీస్తాడనుకున్నా. తీయలేదు. స్టూల్ లాక్కుని కూర్చుని నాన్నని అడిగాడు. "చివరిసారి బాగా పనిచేసింది ఎప్పుడన్నా? ఆ తర్వాత ఏం మారింది?"

నాన్న చెప్పాడు, షాపు మూయడం, మెయిన్ ఆపడం, ఎఫ్1, నీలం స్క్రీన్. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏరా అబ్బాయ్, నువ్వేం చేశావ్? ఒక్కటీ దాచకుండా చెప్పు." చెప్పాను. "అంటే నువ్వు రాకముందు ఒక రోగం, వచ్చాక ఒక రోగం. ముందు నీది తీసేద్దాం" అన్నాడు.

బాబాయ్ దగ్గర అట్టలు ఊడిపోయిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో తేదీ వేసి, లక్షణాలు రాసి, అప్పుడు లేచాడు. ఆ పుస్తకం చూశాక నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ప్రోగ్రాంలో తప్పుని "బగ్" అంటాం కదా. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్ సరిగా నడవకపోతే, వెతికి చూస్తే ఒక రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అతికించి, పురుగు దొరకడం ఇదే మొదటిసారి అన్నట్టు సరదాగా రాశారు. గ్రేస్ హాపర్ చెప్పడం వల్ల ఈ కథ ప్రపంచమంతా తెలిసింది. బగ్ అనే మాట మాత్రం అంతకంటే పాతదే, ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో వాడాడు. ఈ కథ చెప్పేటప్పుడు అందరం పురుగు గురించే చెప్తాం. నాకిప్పుడు లాగ్‌బుక్ ముఖ్యం అనిపిస్తోంది. ఏం చేశామో రాసుకునే అలవాటు వాళ్లకి ఉంది కాబట్టే ఆ పురుగు ఈనాటికీ ఉంది.

స్విచ్ వేశాక ఏం జరుగుతుంది?

బాబాయ్ చెప్పింది, ఆ తర్వాత నేను చదువుకుంది కలిపి రాస్తున్నా. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి మన వాల్‌పేపర్ కనిపించేదాకా జరిగేది రిలే పరుగు లాంటిది. ఒకడు పరిగెత్తి ఇంకొకడి చేతిలో కర్ర పెడతాడు. పరుగు ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలుస్తుంది.

మొదటివాడు ఎస్ఎంపీఎస్. గోడ ప్లగ్‌లోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తాడు. వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని తేలాక "పవర్ గుడ్" అని మదర్‌బోర్డుకి ఒక సిగ్నల్ పంపుతాడు. అది అందేదాకా ప్రాసెసర్‌ని కదలనివ్వరు.

రెండోది బయాస్. కొత్త మెషీన్లలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ ఉంటుంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రాం ఇది. ప్రాసెసర్ లేవగానే చదివేది దీన్నే. ఇది ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డ్ వగైరా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. దీన్నే పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్.

మూడోది బూట్. ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో బయాస్ సెట్టింగుల్లో చూసి, ఆ డిస్క్ మీదున్న బూట్‌లోడర్‌ని ర్యామ్‌లోకి తెస్తుంది.

నాలుగోది ఆపరేటింగ్ సిస్టమ్. కెర్నల్, డ్రైవర్లు, లాగిన్, ఆ తర్వాత మనం పెట్టుకున్న స్టార్టప్ ప్రోగ్రాంలు.

ఇప్పుడు లక్షణాలు చూడండి. ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు అంటే కర్ర మొదటివాడి దగ్గరే ఉంది. ప్లగ్, యూపీఎస్, వైరు, ఎస్ఎంపీఎస్ చూడాలి. ఫ్యాన్ తిరుగుతోంది కానీ స్క్రీన్ రావట్లేదు, బీప్ వస్తోంది అంటే రెండోవాడి దగ్గర ఆగింది. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు చూడాలి. కంపెనీ లోగో వచ్చి "బూట్ డివైస్ లేదు" అంటే మూడోవాడు. విండోస్ గుర్తు వచ్చాక నీలం స్క్రీన్ అంటే నాలుగోవాడు, లేదా వాడికి మూడోవాడు ఇచ్చిన సమాచారం. లాగిన్ అయ్యాక నత్తలా ఉంటే స్టార్టప్ ప్రోగ్రాంలు, నిండిపోయిన డిస్క్, వేడి, వీటిలో ఒకటి.

డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో బైనరీ సెర్చ్ రాశాం కదా. అది ఇదే. పదహారు అనుమానాలుంటే ఒక్కొక్కటీ వరసగా చూసుకుంటూ పోతే పదహారో దానిదాకా వెళ్లాల్సి రావచ్చు. ప్రతిసారీ సగం అనుమానాలు కొట్టేసే ప్రశ్న అడిగితే నాలుగు ప్రశ్నల్లో తేలిపోతుంది. "బీప్ వస్తోందా?" అన్నది అలాంటి ప్రశ్నే. వస్తోందంటే కరెంటు ఉంది, ఎస్ఎంపీఎస్ పనిచేస్తోంది, ప్రాసెసర్ బతికే ఉంది, బయాస్ మాట్లాడుతోంది. నాకు భయం పుట్టించిన ఆ మోత బాబాయ్‌కి శుభవార్త.

నేను తగిలించిన రోగం

బీప్ అర్థం బయాస్ కంపెనీని బట్టి మారుతుంది, బోర్డు మాన్యువల్ చూసుకోవాలి. మా బోర్డు మాన్యువల్ ప్రకారం ఆగకుండా పొడుగు బీప్‌లంటే ర్యామ్ సమస్య. బాబాయ్ ప్లగ్ పీకాడు. లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టాడు. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకాడు. మన ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు చిప్‌లని పాడుచేయగలదు, మనకి తెలియను కూడా తెలియదు. అందుకే ముందు ఇనుముని తాకాలి. ఈ మూడింటిలో నేను ఒక్కటీ చేయలేదు.

ఒక ర్యామ్ కర్ర పైకి లేచి ఉంది. నేను నొక్కాను కానీ "టిక్" అనేదాకా నొక్కలేదు. రెండు కర్రలూ తీసి, ఆ బంగారు రంగు కాళ్లని స్కూల్ పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపాడు. గాలిలో తేమకి వాటి మీద పొరలా పేరుకుంటుంది, దానివల్ల కూడా కనెక్షన్ సరిగా అందదు. తర్వాత ఒక్క కర్రే పెట్టి ఆన్ చేశాడు. స్క్రీన్ వచ్చింది. ఆపి, ప్లగ్ పీకి, రెండోది పెట్టాడు. మళ్లీ వచ్చింది.

"రెండూ ఒకేసారి పెట్టొచ్చుగా బాబాయ్?" అన్నాను. "రెండూ పెట్టాక రాకపోతే ఏది దొంగో ఎట్టా తెలుస్తది?" అన్నాడు.

ఇదే రెండో పాఠం. ఒకసారికి ఒక్క మార్పు. నేను గంటలో నాలుగు పనులు చేశాను. అదృష్టం బాగుండి అది పనిచేసి ఉన్నా దేనివల్ల పనిచేసిందో నాకు తెలిసేది కాదు. మళ్లీ పాడైతే మళ్లీ నాలుగూ చేయాలి.

ముందు డేటా

నా రోగం పోయింది, అసలు రోగం మిగిలింది. నీలం స్క్రీన్ మళ్లీ వచ్చింది. ఇప్పుడైనా దాని మీద పడతాడేమో అనుకుంటే, బాబాయ్ సిస్టమ్ ఆపి హార్డ్‌డిస్క్ బయటికి తీశాడు. దాన్ని ఒక యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, తన ల్యాప్‌టాప్‌కి తగిలించి నాన్న ఫోల్డర్లు కాపీకి పెట్టాడు. ముప్పై ఎనిమిది జీబీ. ఆ పాత యూఎస్‌బీలో సెకనుకి ముప్పై ఎంబీ చొప్పున వెళ్తోంది, లెక్కేస్తే ఇరవై రెండు నిమిషాలు.

ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఫార్మాట్ గురించి చెప్పాడు. క్విక్ ఫార్మాట్ అంటే డిస్క్ మీద ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికని తుడిచేయడం. ఫైళ్లు వెంటనే చెరిగిపోవు, పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు. వాటి మీద కొత్తవి రాయకుండా ఆగితే హార్డ్‌డిస్క్ నుంచి కొంతైనా తిరిగి లాగొచ్చు. కానీ మనం ఫార్మాట్ కొట్టేదే విండోస్ ఎక్కించడానికి, అంటే వెంటనే దాని మీద కొన్ని జీబీలు రాసేస్తాం. ఫుల్ ఫార్మాట్ అయితే విస్టా నుంచి విండోస్ డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది, ఇక ఆశ లేదు. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల తుడిచిన చోట్లని డిస్క్ తనంతట తనే ఖాళీ చేసుకుంటుంది. కాబట్టి మన ల్యాప్‌టాప్‌లలో "రికవరీ సాఫ్ట్‌వేర్ ఉందిలే" అనే ధైర్యం పనికిరాదు.

ఇంకోటి కూడా చెప్పాడు. హార్డ్‌డిస్క్‌లోంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే ఇలా కాపీ కూడా పెట్టకూడదట. వెంటనే ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వాలి, ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పాడవుతుంది.

కాపీ అవుతున్న పేర్లు చూస్తూ కూర్చున్నా. పెళ్లికూతుళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు, సంవత్సరాలు. మధ్యలో "నాయన కీర్తనలు" అని ఒక ఫోల్డర్. నాన్న తన తండ్రిని నాయనా అని పిలిచేవాడు. తాతయ్య రామాలయంలో భజనకి పాడే కీర్తనలు కొన్ని సొంతంగా కట్టేవాడని విన్నాను కానీ, అవి రాసి ఉన్నాయని నాకు తెలియదు. తాతయ్య పోయాక ఆయన నోట్‌బుక్ చెదలు పట్టకముందే నాన్న ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని టైప్ చేశాడట. ఆ నోట్‌బుక్ ఇప్పుడు లేదు. ఉన్నది ఆ ఫోల్డరే, ఆ ఒక్క డిస్క్ మీదే.

నేను సీ డ్రైవ్ ఫార్మాట్ కొడదామన్న మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

అసలు రోగం, నలభై రూపాయలు

డిస్క్ మళ్లీ బిగించాక బాబాయ్ ఎఫ్8 నొక్కి, క్రాష్ అయితే తనంతట తను రీస్టార్ట్ అవ్వకుండా ఉండే ఆప్షన్ ఎంచుకున్నాడు. ఇప్పుడు నీలం స్క్రీన్ నిలబడింది. దాని మీద స్టాప్ కోడ్, చివర 7బి. బూట్ అవ్వాల్సిన డిస్క్ తనకి అందట్లేదని విండోస్ చెప్పే కోడ్ అది. కానీ ఇదే డిస్క్ ఇందాక ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా తెరుచుకుంది. డిస్క్ బాగుంది, విండోస్‌కి అందట్లేదు. అంటే తేడా ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది.

అప్పుడు బాబాయ్ రీస్టార్ట్ చేసి, నాన్న ఎఫ్1 నొక్కి దాటేసిన ఆ మొదటి లైన్ దగ్గర ఆగాడు. "చదువు" అన్నాడు నాతో. సీమాస్ చెక్‌సమ్ తప్పింది, డిఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేశాం, అని ఉంది. జబ్బేంటో మెషీన్ మొదటి లైన్‌లోనే చెప్పింది. పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివి ఆ ఒక్క లైన్ నేను చదవలేదు.

ఇక అన్నీ కలిశాయి. మదర్‌బోర్డు మీద ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. పేరులోనే కొలతలున్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 3 వోల్టులిస్తుంది. కరెంటు లేనప్పుడు గడియారం నడవడానికీ, ఆ కాలం బోర్డుల్లో బయాస్ సెట్టింగులు గుర్తుండడానికీ ఇదే ఆధారం. ఆ గడియారం కూడా మన డిజిటల్ లాజిక్ పాఠమే. అందులో క్వార్ట్జ్ క్రిస్టల్ సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. అది సరిగ్గా 2 పవర్ 15. రెండుతో భాగించే ఫ్లిప్-ఫ్లాప్‌లు పదిహేను వరసగా పెడితే సెకనుకి ఒక పల్స్ వస్తుంది. ఫ్లిప్-ఫ్లాప్‌లు ఎందుకు చదువుతున్నామో నాకు షాపులో కూర్చుంటే తెలిసింది.

మా మెషీన్‌లో ఆ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కానీ ప్లగ్ ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా, ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. అది బ్యాటరీ పని చేసిపెడుతోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. సంక్రాంతికి మెయిన్ ఆపడంతో సెట్టింగులన్నీ పోయాయి, బయాస్ తన డిఫాల్ట్‌కి వెళ్లింది. డిఫాల్ట్‌లో హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఐడీఈ. విండోస్ ఎక్కించినప్పుడు పెట్టింది ఏహెచ్‌సీఐ. విండోస్ 7 తను ఎక్కినప్పుడున్న పద్ధతికే డ్రైవర్ సిద్ధంగా ఉంచుకుంటుంది, రెండోదాన్ని బూట్ సమయంలో లోడ్ చేయదు. భాష తెలియని ఊళ్లో దిగినట్టు, ఎదురుగా డిస్క్ ఉన్నా పలకరించలేకపోయింది. అందుకే 7బి.

నలభై రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ వేసి, బయాస్‌లో తేదీ సరిచేసి, డిస్క్ పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చి, ఎఫ్10తో సేవ్ చేశాడు. విండోస్ లేచింది. డెస్క్‌టాప్ మీద ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెళ్లివారికి ప్రూఫ్ ఇచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది.

తేదీ సరిచేయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కాదు. సిస్టమ్ తేదీ 2010లో ఉండిపోతే బ్రౌజర్‌లో సురక్షితమైన సైట్లు చాలావరకు తెరుచుకోవు. వాటి సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది, 2010లో కూర్చుని చూస్తే అవి ఇంకా పుట్టలేదు. నెట్ బాలేదని రూటర్‌ని తిట్టుకునే ముందు ఒకసారి కుడి మూల గడియారం చూడండి.

హాస్టల్‌లో అదే పద్ధతి

సెలవులైపోయి హాస్టల్‌కి వచ్చిన వారానికే మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయింది అంటోంది, ఏ సైటూ రావట్లేదు. వాడు అప్పటికే విండోస్ రీసెట్ స్క్రీన్ దాకా వెళ్లిపోయాడు. ఆపాను. నోట్‌బుక్ తీశాం, నిజంగానే.

ఇక్కడా రిలే పరుగే. ముందు 127.0.0.1కి పింగ్ కొట్టాలి. అది మన మెషీన్ తన చెయ్యి తానే గిల్లి చూసుకోవడం. తర్వాత గేట్‌వేకి, అంటే రూటర్‌కి. తర్వాత బయటి ప్రపంచంలో ఒక నంబర్‌కి, ఉదాహరణకి 8.8.8.8. చివరగా ఏదైనా సైట్ పేరుకి. నంబర్‌కి జవాబు వచ్చి పేరుకి రాకపోతే లోపం డీఎన్ఎస్‌లో ఉంది, పేరుని నంబర్‌గా మార్చేది అదే. రూటర్ దాకా కూడా వెళ్లకపోతే మన ఐపీ అడ్రస్ చూడాలి. 169.254తో మొదలైతే రూటర్ మనకి అడ్రస్ ఇవ్వలేదని, మన మెషీనే తనకి తోచింది పెట్టుకుందని అర్థం. ఒక్కో నెట్‌వర్క్‌లో పింగ్‌ని కావాలనే అడ్డుకుంటారు, కాబట్టి ఒక్క ఫలితం చూసి తీర్పు చెప్పకూడదు.

మావాడికి నంబర్‌కి జవాబు వచ్చింది, పేరుకి రాలేదు. సెలవుల్లో ఎవరో చెప్తే డీఎన్ఎస్ చేత్తో మార్చుకుని మర్చిపోయాడు. ఆటోమేటిక్‌కి మార్చాం, అయిపోయింది. ఆరు నిమిషాలు.

తెలుగు ఎందుకు తలకిందులైంది

ఇంకా ఒకటి మిగిలింది. నాన్న ఫైళ్ల కాపీ నా ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టుకున్నాను. కీర్తనల్లోంచి ఒకదాని టెక్స్ట్ తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, చుక్కలున్న అక్షరాలు కలగాపులగంగా ఉన్నాయి. పాడైపోయిందని గుండె జారింది. కానీ ఈసారి ముందు అడిగాను. ఏం మారింది? ఫైలు అదే, మెషీన్ మారింది, ఫాంట్ లేదు.

కంప్యూటర్‌కి అక్షరం తెలియదు, నంబరే తెలుసు. ఇంగ్లిష్ పెద్ద "ఎ"కి 65. పాత డీటీపీ ఫాంట్లు తయారైన రోజుల్లో ప్రోగ్రాంలకి తెలుగు నంబర్లు తెలియవు. అందుకని ఇంగ్లిష్ అక్షరాల నంబర్ల దగ్గరే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. లోపల 65 ఉంటుంది, ఆ ఫాంట్ దాని బదులు ఒక తెలుగు ముక్క గీస్తుంది. ఫాంట్ లేకపోతే లోపలి ఇంగ్లిష్ బయటపడుతుంది. ఆ ఫాంట్లతోనే మన శుభలేఖలన్నీ ఇన్నేళ్లూ అచ్చయ్యాయి, కాబట్టి వాటిని తప్పుపట్టడానికి లేదు.

యూనికోడ్ ఈ సమస్యని తీర్చింది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే అందులో తెలుగు ఉంది. తెలుగుకి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. "అ" అంటే 3077, ఏ ఫోన్‌లోనైనా, ఏ దేశంలోనైనా. మీరిది చదవగలుగుతున్నది అందుకే.

పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రాంలు ఉన్నాయి. కానీ ఒత్తులు, దీర్ఘాల దగ్గర తప్పులొస్తాయి. ఒకటీ ఒకటీ చదివి దిద్దాలి. మొత్తం అరవై రెండు కీర్తనలు. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. నాకు తెలుగు చదవడం నెమ్మది, అనుమానం వస్తే రాత్రి నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపిస్తా. ఆయన అటునుంచి సరైన మాట చెప్తాడు. ఒక్కోసారి చెప్పడు, రాగం తీస్తాడు. అప్పుడు దీర్ఘం ఎక్కడుందో తెలిసిపోతుంది.

మీకోసం ఒక చిన్న జాబితా

ఒకటి, ఏదైనా పాడైతే ముందు స్క్రీన్ మీద ఉన్నది మొత్తం చదవండి, ఫోటో తీయండి.
రెండు, చివరిసారి ఎప్పుడు పనిచేసింది, ఆ తర్వాత ఏం మారింది అని అడగండి.
మూడు, చేయి పెట్టే ముందు డేటా కాపీ తీయండి.
నాలుగు, ఒకసారికి ఒక్క మార్పు. చేసింది రాసుకోండి. ఫలితం లేకపోతే దాన్ని వెనక్కి తీసుకుని తర్వాతది చేయండి.
ఐదు, ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు ఉండొచ్చు.
ఆరు, ముఖ్యమైన ఫైలుకి మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట.
ఏడు, తెలియకపోతే "తెలియదు" అనండి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

నాన్న షాపులో ఇప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంది, శనివారం సాయంత్రం కాపీ తీసి ఇంటికి తెచ్చుకుంటాడు. క్యాబినెట్ పక్కన ఒక చీటీ అతికించాడు. దాని మీద బ్యాటరీ మార్చిన తేదీ, కింద "డిస్క్: ఏహెచ్‌సీఐ", ఇంకా కింద "ఎఫ్1 నొక్కే ముందు చదవాలి" అని ఉంటుంది. శుభలేఖల ఫాంట్‌లోనే ప్రింట్ తీశాడు, చుట్టూ పూల బోర్డర్ కూడా పెట్టాడు.